“గవర్న్” అను క్రియాపదము – దాని ప్రయోగము

విద్యార్థులారా! ఆంగ్లమున తరచుగా కానవచ్చు క్రియాపదములలో “గవర్న్” అనునది యొకటి. దీనికి “పాలించు” అను నొక్క అర్థమును కంఠస్థము చేసి, కనబడిన చోటనెల్ల దానినే వ్రాయువారు మన తరగతులలో పెక్కురు గలరు. “ది టైడ్స్ ఆర్ గవర్న్డ్ బై ది మూన్” అను వాక్యమును “పోటుపాటులు చంద్రునిచే పాలింపబడుచున్నవి” అని యనువదింతురు. ఇది తెలుగు నుడికారము గాదు. ఆంగ్లము బోధపడినదనుటకు గుర్తును గాదు. కావున నీ పదముయొక్క మూలమును, ప్రయోగములను ఇచట వివరింతుము.

గ్రీకు భాషలో “కుబెర్నాన్” అనగా ఓడకు దారి చూపి నడుపుట. అది లాటినున “గుబెర్నారే” యై, ఫ్రెంచి ద్వారమున ఆంగ్లమును జేరినది. ఫ్రెంచిలో నేటికిని చుక్కానిని “గువెర్నాయ్” అందురు. మన యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండినది గావున, ఆ భాష నేర్చిన పెద్దలకు ఈ మాట క్రొత్తది గాదు. గౌతమిపై పడవ నడుపువానిని గమనింపుడు. అతడు ప్రవాహమును ఆజ్ఞాపింపలేడు, గాలిని ఆపలేడు. ఆ రెంటిని కనిపెట్టి, చుక్కాని త్రిప్పి, పడవను రేవునకు జేర్చును. ఈ దృశ్యమును మనస్సున నుంచుకొన్నచో “గవర్న్” యొక్క వేర్వేరు అర్థములకు గల సంబంధము తెలియగలదు.

1. దేశమును పాలించుట: “అశోక గవర్న్డ్ ఎ వాస్ట్ ఎంపైర్.” అశోకుడు విశాల సామ్రాజ్యమును పాలించెను. ఇచట క్రియను వెన్నంటి కర్మ వచ్చును. “రూల్ ఓవర్” అను వాడుకను జూచి “గవర్న్ ఓవర్” అని వ్రాయకుడు.

2. అదుపులో నుంచుట: “హి కుడ్ నాట్ గవర్న్ హిజ్ టెంపర్.” అతడు తన కోపమును అణచుకొనలేకపోయెను.

3. నిర్ణయించుట: “దీజ్ రూల్స్ గవర్న్ అడ్మిషన్.” ఈ నియమములను బట్టి ప్రవేశము జరుగును. పై జెప్పిన చంద్రుని వాక్యమును ఈ తరగతిలోనిదే. “చంద్రగతి ననుసరించి పోటుపాటులు కలుగును” అని వ్రాసినచో చక్కని తెలుగగును.

4. వ్యాకరణమున: “ఎ ప్రిపొజిషన్ గవర్న్స్ ఎ నౌన్ ఆర్ ఎ ప్రొనౌన్.” “విత్” అను పదము తరువాత “హి” అనక “హిమ్” అందుము. మన భాషలోను “ఇల్లు” అను పదమునకు “తో” చేరినపుడు “ఇంటితో” అగుచున్నది గదా! ఒక పదము వేరొక పదముయొక్క రూపమును నిర్ణయించుటయే ఇచటి యర్థము.

5. యంత్రమున: జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రమునకు “గవర్నర్” అను సాధనమును అమర్చెను. వేగము హెచ్చినకొలది దాని గుండ్లు వెలుపలికి జరిగి, ఆవిరిని తగ్గించును. ఇదియు ఒక చుక్కానియే.

ఇక సమీపార్థములు గల పదములను జూతము. “రూల్” అనునది అధికారమును, “కంట్రోల్” అనునది అదుపును, “అడ్మినిస్టర్” అనునది కార్యనిర్వహణమును ముఖ్యముగా దెలుపును. పుదుచ్చేరిలో లెఫ్టినెంటు గవర్నరును, మన యానాములో ప్రాంతీయ అడ్మినిస్ట్రేటరును ఉండుట మీరెరుగుదురు.

ఈ భేదము పరీక్షకొరకు మాత్రమే కాదు. మన కేంద్రపాలిత ప్రాంతమున తెలుగువారము అల్పసంఖ్యాకులము. రాజ్యాంగముయొక్క 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కు నొసగినది. అందు వాడబడిన పదము “అడ్మినిస్టర్”, “గవర్న్” గాదు. ఈ హక్కులో దుర్నిర్వహణకు చోటు లేదని 1958లో సుప్రీంకోర్టు కేరళ విద్యా బిల్లుపై దెలిపిన యభిప్రాయమున స్పష్టపరచినది. రేపు మీలో నొకరు సంఘ కార్యదర్శియై, ప్రభుత్వమునకు విన్నపము వ్రాయవలసి రావచ్చును. అపుడు “వి గవర్న్ ది స్కూల్” అని వ్రాసినచో, మనము ఏ చట్టమునకును లోబడమని చదువరి తలపవచ్చును. “ది అసోసియేషన్ అడ్మినిస్టర్స్ ది స్కూల్, ది లా గవర్న్స్ బోత్” అని వ్రాయుడు. సంఘము పాఠశాలను నిర్వహించును. రెండును చట్టమునకు లోబడియుండును. ఇందు మన హక్కును, మన బాధ్యతయు గూడ చెప్పబడినవి.

అభ్యాసము: పై యయిదు అర్థములలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఆంగ్ల వాక్యమును స్వయముగా రచించి, తెలుగున అనువదింపుడు. అనువాదములలో “పాలించు” అను పదమును ఒక్కసారికి మించి వాడరాదు. ఆ నిబంధనకు లోబడి వ్రాయగలిగినచో ఈ పాఠము మీకు అలవడినట్లే.