రాయపురము రైలుస్టేషను

చెన్నపట్టణమునకు రైలులో పోవు మనవారు సెంట్రలు స్టేషనులో దిగి, ఆ యెఱ్ఱని కట్టడమును గడియారపు గోపురమును జూచి, దక్షిణదేశమున రైలు ఇచ్చటనే పుట్టియుండునని తలంతురు. అది నిజము కాదు. సెంట్రలునకు ఉత్తరముగా సుమారు రెండుమైళ్ల దూరమున, సముద్రమునకు చేరువగా, రాయపురమను స్టేషను కలదు. నేడది సబర్బన్ బండ్లు క్షణమాత్రము నిలిచి సాగిపోవు చిన్న మజిలీ. దక్షిణ హిందూస్థానమున ప్రయాణికుల బండి మొట్టమొదట బయలుదేరినది అచ్చటినుండియే.

పేరు వినగానే ఇది రాయలవారి పురమని తెలుగువారికి తోచును. కాని అచ్చటి బెస్తలకును పడవవారికిని చెందిన పేతురు దేవాలయమునుబట్టి యూరికా పేరు వచ్చెనందురు. అరవమున పేతురును రాయప్పరని పిలుతురు. గ్రీకు భాషలో పేతురనగా రాయి యని యర్థము. ఆ యూరి పేరిలో మన తెలుగు రాయియు వినబడుట వింతగానున్నది.

చెన్నపట్టణమునకు ఇనుపదారి క్రొత్త కాదు. 1837లోనే రెడ్ హిల్సు నుండి చింతాద్రిపేట వరకు బాటలు వేయుటకు కావలసిన రాళ్లను మోయుటకై యొక చిన్న రైలుమార్గము నడచెను. దానిని నిర్మించినవాడు, తరువాత గోదావరిపై ఆనకట్ట కట్టి మనకు ప్రాతఃస్మరణీయుడైన ఆర్థరు కాటన్ దొరయే. మనుష్యులను మోయు బండ్లకు మాత్రము మఱికొంతకాలము పట్టెను. 1853లో బొంబాయియందును, 1854లో కలకత్తాయందును రైలు నడచిన పిమ్మట మూడవ వంతు చెన్నపట్టణమునకు వచ్చెను. మద్రాసు రైల్వే కంపెనీ యా పని చేపట్టెను.

ఇంత పట్టణముండగా కోట గోడకు వెలుపల, ఉత్తరపు కొసనున్న రాయపురమునే యేల యెన్నుకొనిరి? ఆనాడు చెన్నపట్టణమునకు ఓడరేవు లేదు. ఓడలు దూరముగా లంగరు వేసి నిలిచెడివి. మేకులు లేక, కొబ్బరినార త్రాళ్లతో పలకలను కుట్టి చేసిన మసూలా పడవలు అలలను దాటి సరకులను ఒడ్డునకు చేర్చెడివి. ఆ యొడ్డునకును, వర్తకుల వీథులకును, సెంటు జార్జి కోటకును చేరువగా, విశాలమైన బయలుగానున్న తావు రాయపురము. స్టేషను వెలసినది సముద్రముకొఱకే యని చెప్పిన తప్పులేదు.

భవనమును ఎత్తైన స్తంభముల వరుసతో, పురాతన ఐరోపా దేవాలయములను తలపించునట్లు కట్టిరి. 1856వ సంవత్సరము జులై 1వ తేదీన గవర్నరు హారిస్ ప్రభువును ఆహూతులును ఎక్కిన బండి ఆర్కాటునకు చెంతనున్న వాలాజా వఱకు, అనగా సుమారు 65 మైళ్లు, పోయెను. అదే దినమున మఱియొక బండి తిరువళ్లూరునకు నడచెను. ఆ యేడే పెరంబూరులో పెట్టెలు చేయు కార్ఖానాయు వెలసెను. 1862 నాటికి పట్టాలు దేశమునకు అడ్డముగా సాగి పడమటి తీరమున బేపూరును చేరెను. మఱియొక శాఖ అరక్కోణము నుండి రేణిగుంట, కడప, గుంతకల్లుల మీదుగా 1871లో రాయచూరునకు పోయి బొంబాయి మార్గముతో కలసెను. సీడెడ్ జిల్లాల తెలుగువాడు కోర్టుపనికో, వర్తకమునకో రైలెక్కి వచ్చి చెన్నపట్టణమున మొదట కాలు మోపినది రాయపురముననే.

ఆ మార్గమునకు కఠినమైన పరీక్ష 1876-78 నాటి మహాక్షామమున వచ్చెను. లోపలి పంటను సముద్రమునకు తెచ్చుటకై వేసిన పట్టాలమీద, ఇప్పుడు ఓడలలో దిగిన ధాన్యము లోపలికి పోవలసివచ్చెను. చెన్నపట్టణపు తీరమున బస్తాలు కొండలుగా పేర్చబడియుండగా, బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలలో జనులు తిండిలేక రాలిపోవుచుండిరి. ఇనుపదారికి చేరువనున్న గ్రామములకు ధాన్యమందెను. దూరముననున్న వానికి ఎడ్లబండ్లే శరణ్యము. మేత లేక ఎడ్లును చచ్చుచుండగా బండ్లను లాగువారెవరు? పైగా, ధరలెక్కువగానున్న చోటికే రైలు ధాన్యమును తరలించును గాని, ఆకలి ఎక్కువగానున్న చోటికి కాదు. ఆ మాట రైలు చరిత్రకారులలో పలువురు క్లుప్తముగా దాటిపోవుదురు.

ఇక రాయపురపు క్షీణదశ. పట్టణము దక్షిణముగాను పడమరగాను పెరిగెను. ప్రయాణికులకు ఉత్తరపు కొస దూరమయ్యెను. 1873లో పార్కుటౌనునందు సెంట్రలు స్టేషను తెరచిరి. బేసిన్ బ్రిడ్జి యొద్ద పట్టాలు చీలి, ఒక పాయ దక్షిణముగా సెంట్రలునకును, మఱియొక పాయ రాయపురము మీదుగా బీచికిని పోవును. ఆ చీలికయందే రాయపురపు తలవ్రాత మాఱినది. 1899లో బెజవాడ మార్గము కలియుటతో ఉత్తర సర్కారుల ప్రయాణికులును చెన్నపట్టణమునకు సూటిగా రాసాగిరి. క్రమముగా దూరపు బండ్లన్నియు సెంట్రలునకే మరలెను. 1908లో ఎగ్మూరు స్టేషను వెలసెను. ఆ యేడే యేర్పడిన మద్రాసు అండ్ సదరన్ మహారాట్టా రైల్వే ప్రధాన కార్యాలయము మాత్రము 1922 వఱకు రాయపురముననే యుండి, పిమ్మట సెంట్రలు ప్రక్కనున్న క్రొత్త భవనమునకు తరలిపోయెను.

తరువాత చాలకాలమా కట్టడమును పట్టించుకొనినవారు తక్కువ. బొంబాయిలోని బోరీ బందరు తొలి స్టేషను గాని, హౌరాలోని తొలి స్టేషను గాని నేడు లేవు. వాని స్థానమున క్రొత్తవి లేచినవి. అందుచేత హిందూదేశమున నిలిచియున్న స్టేషను భవనములలో ప్రాచీనతమమైనది రాయపురమే యని చెప్పుదురు. ఈ మాట అధికారుల చెవిని పడుటకు నూటయేబదియేండ్లు కావలసివచ్చెను. 2005లో భవనమును బాగుచేసిరి.

ఉత్తర చెన్నపురివాసులు మాత్రము రంగు పూసినంతనే తృప్తిపడలేదు. తమ స్టేషనును మరల దూరపు బండ్లకు మొదలుగా చేయుడని పలుమార్లు కోరిరి. నగరమునకు మూడవ పెద్ద స్టేషనుగా తాంబరమునే పెంచిరి. కోరినవారి వాదము తీసివేయదగినది కాదు. ఉత్తరభాగమున నుండువారిలో కూలిపని చేయువారు, బెస్తలు, రేవు పనివారు మెండు. దూరప్రయాణమునకు వారు మూటలతో నగరము దాటి పోవలసియున్నది.

పూర్వము బండ్లు నిలిచిన యా విశాలమైన ప్రాంగణమున నేడు విద్యుత్తు ఇంజనుల షెడ్డున్నది. బీచినుండి గుమ్మిడిపూండి వైపు పోవు బండ్లు రాయపురమున ఆగి, ఉద్యోగులను, చేపలగంపలవారిని, విద్యార్థులను ఎక్కించుకొని పోవుచుండును. ఆ దారి గుమ్మిడిపూండి దాటి మన సూళ్లూరుపేటకు వచ్చును. చెన్నపట్టణమునకు పోవు బాలురు ఆ దారిని పోవు బండి నెక్కినచో, రాయపురము రాగానే కిటికీనుండి తొంగిచూడుడు. స్తంభముల వరుస కనబడును. బండి అచ్చట నిలుచునది స్వల్పకాలమే.