వినబోయేవారు ముందు చెప్పుకోవాలి

మనస్తత్వశాస్త్రం చదివి ఇతరుల మనోవ్యథను తీర్చే వృత్తిలోకి వెళ్లాలన్న కోరిక చాలామందిలో సొంత బాధలోంచే పుడుతుంది. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు గాని, ఆ బాధను ఎవరి ఎదుటా విప్పకుండానే చదువులోకి దిగినవారు పాఠ్యపుస్తకంలోని ప్రతి అధ్యాయంలోనూ తమనే వెతుక్కుంటూ, చికిత్స పొందవలసిన అవసరాన్ని చికిత్స చేసే అర్హతగా పొరబడే ప్రమాదం ఉంది. ఈ వృత్తిని ఎంచుకున్నవారు తామూ ఒకసారి చికిత్సకుడి కుర్చీకి ఎదురుగా కూర్చుని చెప్పుకోవడం, అదీ వీలైనంత ముందుగా చెప్పుకోవడం, వారి వ్యక్తిత్వానికీ రేపు వారి దగ్గరికి రాబోయేవారికీ మేలు చేస్తుంది. ఇంటి గుట్టు బయట పెట్టకూడదన్న కట్టుబాటు బలంగా ఉన్న శ్రామిక సమాజాల్లో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది; అటువంటి సమాజాల్లో షోలాపూర్ నేతవాడల తెలుగువారిది ఒకటి.

మహారాష్ట్రలోని షోలాపూర్ నగరంలో అశోక్ చౌక్, సాఖర్ పేట, భవానీ పేట, దాజీ పేట, పద్మనగర్ వంటి పేటలున్న తూర్పు ప్రాంతాన్ని అక్కడివారు పూర్వ భాగ్ అంటారు. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ స్థిరపడి, 1877లో మొదలైన నూలు మిల్లును, ఆ తర్వాత చేతిమగ్గాలను, మరమగ్గాలను నమ్ముకుని, 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపూర్ చద్దర్లకు, తువ్వాళ్లకు పేరు తెచ్చిపెట్టాయి. మగవారు కార్ఖానాల్లో మగ్గాల మీద ఉంటే, ఆడవారు వేలాదిగా బీడీలు చుడతారు. బీడీ కార్మిక స్త్రీల కోసం ఊరి పక్కనున్న కుంభారి దగ్గర పదివేల ఇళ్ల కాలనీ కట్టగా, అదే కుంభారిలోని రాయనగర్‌లో అసంఘటిత కార్మికులకు 2024 జనవరి 19న మరో పదిహేను వేల ఇళ్లు అప్పగించారు. ఇల్లు దక్కడం ఎంత పెద్ద సంగతో చెప్పనక్కరలేదు గాని, చిన్న ఇంట్లో మూడు తరాలు ఉండేచోట ఒక మనిషి ఇంకొక మనిషితో ఎవరూ వినకుండా అరగంట మాట్లాడుకునే చోటు దొరకడం కష్టమేనన్నది ఈ వ్యాస విషయానికి సంబంధించిన వాస్తవం.

మరమగ్గాల కార్ఖానాలో పక్కనున్న మనిషి మాట వినిపించదు. నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడులో కార్మికులు సైగలతోనూ, పెదవుల కదలికతోనూ పని నడుపుకుంటారు; పన్నెండు గంటల పాలి (షిఫ్టు) ముగించుకుని ఇంటికి చేరేసరికి చెవుల్లో హోరు, ఒంట్లో నీరసం తప్ప మాట్లాడే ఓపిక మిగలదు. బీడీలు చుట్టే స్త్రీల పని తీరు ఇందుకు పూర్తిగా భిన్నమైనది: చాట ఒళ్లో పెట్టుకుని, కత్తిరించిన తునికాకులో తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి, కొన మడిచే పనిలో చేతులు వాటంతటవే ఆడుతుంటే నోరు ఖాళీగా ఉంటుంది కనుక, నలుగురు గడప దగ్గర కూర్చుంటే లోకంలోని కష్టాలన్నీ అక్కడ మాటకు వస్తాయి. అయితే ఆ కూటమిలో చెప్పుకోగలిగినవి నలుగురికీ తెలిసిన కష్టాలే. అత్తింటి కష్టం చెప్పవచ్చు, ఖాతాలో కోత చెప్పవచ్చు, కాని బతకాలని లేదన్న తలపును చెప్పడం కుదరదు, ఎందుకంటే సాయంత్రానికల్లా ఆ మాట గల్లీ అంతా తిరుగుతుంది. మాట్లాడే మనుషులకు కొదవ లేని చోట కూడా గోప్యంగా వినే మనిషి లేకపోవడం అనే ఈ లోటును గుర్తించనివారు, మానసిక చికిత్స ఒంటరి నగరవాసుల అవసరమేనని, ఉమ్మడి జీవితం ఉన్నచోట దాని అక్కర లేదని సులువుగా తేల్చేస్తారు. ఆ తీర్పు తొందరపాటు తీర్పు.

ఇటువంటి సమాజాల్లో మనోవ్యథ తరచు శరీరం ద్వారా బయటపడుతుంది. తల బరువు, గుండె దడ, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం వంటివాటితో మనిషి ఆస్పత్రికి వెళ్లి, పరీక్షల్లో ఏమీ తేలక, నొప్పి మాత్రలతో తిరిగి వస్తాడు. మరికొందరిలో అది రోజువారీ మద్యంగా, ఇంట్లో చేయి చేసుకోవడంగా మారుతుంది. 2015–16లో నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, పెద్దవారిలో సుమారు 10.6 శాతం మంది ఆ సమయానికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారనీ, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం దాకా బాధితులకు చికిత్స అందడం లేదనీ అంచనా వేసింది; ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో మహారాష్ట్ర గాని, తెలంగాణ గాని, ఆంధ్రప్రదేశ్ గాని లేవు. నేతవృత్తిలో ఈ వ్యథ ఎంత దూరం వెళ్లగలదో తెలంగాణలోని సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యలు లోకానికి చూపాయి. అప్పు, పని దొరకకపోవడం, కూలి గిట్టకపోవడం వంటి కారణాలను కౌన్సెలింగ్ తీర్చలేదు. తీరుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకూడదు. అప్పు తీరేలోపు మనిషి ప్రాణాలతో, ఆలోచించే శక్తితో నిలబడేలా చేయడం మాత్రం దానికి చేతనవుతుంది, ఆ మేలు చిన్నది కాదు.

చికిత్స మొదలుపెట్టదలచినవారు ముందుగా తెలుసుకోవలసింది ఎవరి పని ఏమిటన్నది. సైకియాట్రిస్టు అంటే వైద్యశాస్త్రం చదివి, ఆపై మనోవైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు; మందులు రాసే అధికారం ఆయనకుంది. క్లినికల్ సైకాలజిస్టు అంటే మనస్తత్వశాస్త్రంలో ఉన్నత విద్య, ఆస్పత్రి శిక్షణ పొంది, పరీక్షల ద్వారా రుగ్మతను అంచనా వేసి, మాటల ద్వారా చికిత్స చేసే నిపుణుడు. కౌన్సెలర్ అన్న మాట మన దేశంలో విచ్చలవిడిగా వాడుకలో ఉంది కనుక, ఆ పేరు పెట్టుకున్నవారు ఏం చదివారో, ఎవరి పర్యవేక్షణలో పని నేర్చారో అడిగి తెలుసుకోవడం మర్యాద తప్పినట్టు కాదు. మొదటి భేటీలో చికిత్సకుడు నిద్ర, ఆకలి, పని, మద్యం, కుటుంబం, గతంలోని జబ్బులు, చనిపోవాలన్న ఆలోచనల గురించి అడుగుతాడు. చివరి ప్రశ్న విని కంగారు పడనక్కరలేదు, ఎందుకంటే అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటపడే దారి దొరుకుతుంది. చెప్పిన మాట గదిలోనే ఉంటుందన్న హామీని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి హక్కుగానే గుర్తించింది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలే అందుకు మినహాయింపు. పూర్వ భాగ్‌లోని మనిషికి ఈ హామీ ఎంత విలువైనదో గడప దగ్గరి ముచ్చట్ల సంగతి తెలిసినవారికి వేరే చెప్పక్కరలేదు.

చికిత్స ఫలించడానికి మూలమేమిటన్న ప్రశ్నకు ఎడ్వర్డ్ బోర్డిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1979లో చెప్పిన జవాబు ఇప్పటికీ ఉపయోగపడుతుంది: ఏం సాధించాలన్న దానిపై ఇద్దరికీ ఒప్పందం, అందుకు చేయవలసిన పనులపై ఒప్పందం, ఇద్దరి మధ్య నమ్మకంతో కూడిన అనుబంధం అనే మూడూ కలిస్తేనే పని జరుగుతుందని ఆయన భావించాడు. అందుచేత రెండుమూడు భేటీల తర్వాత కూడా తన బాధ ఎదుటివారికి అందడం లేదనిపిస్తే ఆ మాటే చికిత్సకుడితో చెప్పడం మంచిది, అప్పటికీ కుదరకపోతే మరొకరి దగ్గరికి వెళ్లడం సబబు. డబ్బు ఖర్చు పెట్టలేనివారికి ప్రభుత్వ ఆస్పత్రిలోని మనోవైద్య విభాగం ఉంది; ఆస్పత్రి గుమ్మం ఎక్కడానికే వెనుకాడేవారికి 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ ఉచిత ఫోన్ సేవ టెలీ-మానస్ ఉంది, 14416 నంబరుకు ఎప్పుడు ఫోన్ చేసినా శిక్షణ పొందిన మనిషి పలుకుతారు, తెలుగూ మరాఠీ రెండూ ఆ సేవలో ఉన్నాయి.

షోలాపూర్‌లో భాష సంగతి ప్రత్యేకంగా ఆలోచించదగ్గది. అక్కడి తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లలు బడిలో మరాఠీ, వీధిలో హిందీ నేర్చుకుంటారు. తెలుగు ధారాళంగా మాట్లాడుతూనే తెలుగు అక్షరాలు చదవలేని యువతీ యువకులు ఎందరో ఉన్నారు. పలు భాషలు మాట్లాడేవారిపై జరిగిన పరిశోధనలు, పసితనంలో నేర్చిన భాషలోని మాటలు మనసును ఎక్కువగా కదిలిస్తాయనీ, తర్వాత నేర్చిన భాష కొంత ఎడాన్ని ఇస్తుందనీ సూచిస్తున్నాయి. అంటే అమ్మ తిట్టిన తిట్టు తెలుగులోనే గుచ్చుకుంటుంది, అదే మనిషి తనకు సిగ్గు కలిగించే సంగతిని మరాఠీలో తేలికగా చెప్పగలగవచ్చు. ఈ రెండింటి మధ్య స్వేచ్ఛగా తిరగనిచ్చే చికిత్సకుడు దొరికితే రోగికి ఎంతో మేలు జరుగుతుంది, అటువంటి చికిత్సకులు ఆ పేటల్లోంచే తయారుకావలసి ఉంది. అక్కడి బిడ్డ ఈ చదువు ఎంచుకోవడానికి ఇంతకంటే బలమైన కారణం వెతకనక్కరలేదు.

ఆ చదువు దారి మాత్రం పొడవైనది. డిగ్రీలో మనస్తత్వశాస్త్రం ఒక పాఠ్యాంశంగా తీసుకుని, ఎం.ఏ. గాని ఎం.ఎస్సీ. గాని పూర్తి చేసినవారు పాఠశాలల్లోనూ స్వచ్ఛంద సంస్థల్లోనూ పనిచేయవచ్చు గాని, క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సులో ఆస్పత్రి శిక్షణ ముగించి, మండలి పట్టికలో పేరు నమోదు చేయించుకోవాలి. ఇందుకు ఇంతకాలం ప్రధానంగా రెండేళ్ల ఎం.ఫిల్. ఉండేది, కొత్త విద్యావిధానం కారణంగా ఈ కోర్సుల స్వరూపం మారుతోంది కనుక చేరబోయే ముందు మండలి తాజా జాబితాను చూసుకోవడం తప్పనిసరి. షోలాపూర్‌కు 2004 నుంచి సొంత విశ్వవిద్యాలయం ఉంది, పద్మశాలీ సమాజం తన విద్యాసంస్థలను తానే నడుపుకుంటోంది. మొదటి మెట్టుకు ఊరు దాటనక్కరలేదు. మరాఠీలో చదివి వచ్చినవారు పై తరగతుల్లో ఇంగ్లీషు పుస్తకాల ముందు కొన్ని నెలలు తడబడతారు, దాన్ని తమ తెలివితక్కువతనంగా లెక్కగట్టుకుని చదువు మానేయడం అన్యాయం.

ఈ చదువులో తొలి ఏడాదిలోనే ఎదురయ్యే ఆకర్షణ ఒకటుంది. కొత్తగా నేర్చిన రుగ్మతల పేర్లు ఇంట్లోవారికి తగిలించాలనిపిస్తుంది: తాగి వచ్చే తండ్రికి ఒక పేరు, ముభావంగా ఉండే అక్కకు ఇంకొక పేరు. సొంతవారికి చికిత్స చేయకూడదన్న నియమాన్ని ఈ వృత్తి కచ్చితంగా పాటిస్తుంది, ఎందుకంటే కొడుకుగా, చెల్లెలుగా ఉన్న మనిషి అదే ఇంట్లో నిష్పక్షపాతంగా వినలేరు. విద్యార్థి తన బాధను చెప్పుకోవడానికి వేరొక చోటు ఉంటే ఈ ఆకర్షణ దానంతటదే తగ్గుతుంది. మనోవిశ్లేషణ సంప్రదాయంలోనివారు దీన్ని చాలా ముందుగా గ్రహించి, విశ్లేషకుడు కాగోరేవారు మొదట తామే విశ్లేషణకు లోబడాలన్న నియమాన్ని 1925లో జర్మనీలోని బాద్ హోంబుర్గ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం నాటికి శిక్షణలో భాగం చేశారు. రోగి తన తండ్రి మీది కోపాన్ని చికిత్సకుడి మీదికి మళ్లించడాన్ని వారు భావబదిలీ అన్నారు. చికిత్సకుడిలో అందుకు బదులుగా లేచే ఉద్వేగాన్ని ప్రతి-భావబదిలీ అన్నారు. తాగుబోతు తండ్రి కొట్టగా పెరిగిన విద్యార్థి ఎదుట రేపు మద్యం వదలలేని నేత కార్మికుడు కూర్చున్నప్పుడు, లోపల లేచే కోపం ఎవరి మీదిదో ఆ విద్యార్థికి తెలిసి ఉండాలి. ఆ తెలివిడి పుస్తకం చదివితే రాదు, పర్యవేక్షకుడి ముందు ఒకసారి ఒప్పుకున్నా పూర్తిగా రాదు, నెలల తరబడి తన కథ తాను చెప్పుకుంటేనే వస్తుంది. మన దేశంలోని చాలా కోర్సులు దీన్ని తప్పనిసరి చేయకపోవడం విచారించవలసిన లోపం.

ఇన్నేళ్ల చదువుకు స్తోమత లేనివారికి ఈ రంగం తలుపు పూర్తిగా మూసి లేదు. గోవాలో 1996లో మొదలైన సంగాథ్ సంస్థ, మానసిక వైద్యంలో పూర్వ శిక్షణ లేని స్థానికులకు తర్ఫీదిచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన కుంగుబాటుతో ఉన్నవారికి ఆరు నుంచి ఎనిమిది భేటీల సంక్షిప్త చికిత్స చేయించింది. మనిషి మానేసిన పనులను, కలవడం మానుకున్న మనుషులను కొద్దికొద్దిగా తిరిగి రోజువారీ జీవితంలోకి తెచ్చే ఆ పద్ధతి మామూలు వైద్యం కంటే మెరుగైన ఫలితం ఇచ్చిందని 2017లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైన పరిశోధన చూపింది. కుంభారి కాలనీలోనో, దాజీ పేటలోనో బీడీలు ఇచ్చి వచ్చే స్త్రీలకు వీలయ్యే వేళల్లో, పాలి మారే సమయానికి మగవారికి అందేలా, తెలుగులో మాట్లాడే శిక్షితులు ఒక గదిలో కూర్చోవడానికి అడ్డొచ్చేదేదీ ఆ పద్ధతిలో లేదు. ఆ గదికి కావలసినవి మూసుకునే తలుపు, కార్ఖానా చప్పుడు వినపడనంత దూరం, తప్పు జరిగినప్పుడు సరిదిద్దే అర్హుడైన పర్యవేక్షకుడు. అక్కడ కూర్చునే మనిషి మాత్రం తన వంతు చెప్పుకోవడం అప్పటికే మొదలుపెట్టి ఉండాలి.