చలికాలం ఉదయం: కాగితాలతో పొగమంచు బొమ్మ



చలికాలం బొమ్మ వేయమంటే మన పిల్లల్లో చాలామంది క్రిస్మస్ కార్డు మీద చూసిన మంచు ఇల్లు, మంచు మనిషి వేస్తారు. అందులో తప్పేమీ లేదు. కాని మన చలి పొగమంచులో ఉంటుంది. చింతపల్లి దగ్గర లంబసింగిలోనో, అరకు లోయలోనో డిసెంబరు ఉదయం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. దగ్గరున్న సిల్వర్ ఓక్ చెట్టు నల్లగా కనిపిస్తుంది. దాని వెనక చెట్టు బూడిదరంగులో ఉంటుంది. ఆ వెనక కొండ ఉందా లేదా అన్నట్టుంటుంది. గాలిలో తేలే సన్నని నీటిబిందువులు వెలుతురును చెదరగొట్టడమే దీనికి కారణం. ఈ సంగతిని పిల్లలకు నోటితో చెప్పేకంటే కాగితంతో చూపించడం తేలిక.

ఉబ్బసం, పిల్లికూతలు ఉన్న పిల్లలకు ఈ పని మరీ మంచిది. తెల్లవారుజామున వారిని చలిమంట దగ్గర కూర్చోబెట్టకండి. పొగ తగిలితే శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. భోగి మంట కూడా అంతే. ఎండ వచ్చేవరకు ఇంట్లో కూర్చోమంటే ఏ పిల్లవాడూ ఊరికే కూర్చోడు కదా, చేతికి పని ఇవ్వాలి.

కావలసినవి ఇంట్లోనే ఉంటాయి. పాత క్యాలెండరు అట్ట, న్యూస్ పేపరు, నల్ల కాగితం, స్టేషనరీ షాపులో దొరికే బటర్ పేపరు రెండు షీట్లు. బంకకు మూడు చెంచాల మైదాను గ్లాసు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా ఉడికించి చల్లార్చండి. పొయ్యి దగ్గర పని పెద్దలదే. పురుగు పట్టకుండా కొందరు ఇందులో మైలుతుత్తం వేస్తారు. పిల్లలు వాడే బంకలో అది అస్సలు వద్దు, విషం. వాళ్ల వేళ్లు నోట్లోకి వెళ్లకుండా ఉండవు. బంకను ఆ రోజుకు సరిపడా చేసుకుని, మిగిలింది పారేయండి.

మొదట న్యూస్ పేపరును అడ్డంగా చింపమనండి. ఎంత జాగ్రత్తగా చింపినా వంకరటింకరగా వస్తుంది. అవే కొండలు. ఇప్పుడు నిలువుగా చింపమనండి, దాదాపు తిన్నగా వస్తుంది. కాగితం తయారయ్యేటప్పుడు నారపోగులు ఎక్కువగా ఒకే దిక్కుకు పడుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఆ తిన్నని పట్టీలే చెట్ల మానులు. ఈ తేడా చూసి పిల్లలు పేపరంతా చింపేస్తారు, చింపనివ్వండి.

కొండలను అట్ట మీద అంటించి, పక్కన పసుపురంగు సూర్యుణ్ణి పెట్టండి. వాటి మీద బటర్ పేపరు పరచండి. బంక పై అంచుకు మాత్రమే రాయాలి, అంతటా రాస్తే ముడతలు పడుతుంది. సూర్యుడు మసకబారడం పిల్లలు వెంటనే గమనిస్తారు. ఆ పొర మీద కొన్ని చెట్లు, మళ్లీ బటర్ పేపరు. అన్నిటికంటే పైన నల్ల కాగితంతో దగ్గరి చెట్లు, గుడిసె, దుప్పటి కప్పుకున్న మనిషి. వీటి మీద ఏమీ కప్పకండి. అడుగున పసుపు కాగితం ముక్కలు చల్లి అంటిస్తే అరకు వలిసె పూల చేను అవుతుంది.

మంచులా ఉంటుందని ముఖానికి రాసే పౌడరు చల్లకండి. ఆ సన్నని ధూళి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. థర్మకోల్ గుండ్లు, పూసలు మూడేళ్లలోపు వారికి అందనివ్వకండి. ముక్కులో పెట్టుకున్న పూసను ఇంట్లో పిన్నీసుతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది, ఆసుపత్రికి తీసుకురండి.

రెండు మూడేళ్ల పిల్లలకు చింపడం చాలు. నాలుగేళ్లు వచ్చాక, మొన గుండ్రంగా ఉన్న కత్తెర ఇచ్చి పక్కనే కూర్చోండి. వార్డులో సెలైన్ ఎక్కుతున్న బిడ్డ అయితే సూది ఉన్న చెయ్యి కదపనివ్వకుండా, తల్లి కాగితం పట్టుకుంటే రెండో చేత్తో చింపవచ్చు. కట్టు విప్పాక వేళ్లు బిగుసుకున్న పిల్లలకు కూడా ఈ పని ఇవ్వవచ్చు, ముందు డాక్టరుగారిని అడగండి.

పని చేస్తున్నంతసేపూ బిడ్డను గమనించండి. కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూస్తున్నాడా? తల ఒక పక్కకు వంచి చూస్తున్నాడా? అయితే కళ్లు పరీక్ష చేయించాలి. చింపడానికి రెండు చేతులూ కావాలి. ఒక చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించే ఉంటే, లేదా ఆ చేతిని వాడనే వాడకపోతే, పిల్లల డాక్టరుకు చూపించండి. బడిలో ఇలాంటివి త్వరగా బయటపడవు, ఇంట్లో నేల మీద కూర్చుని పని చేసేటప్పుడు కనబడతాయి.

బొమ్మను నీడలో ఆరనివ్వండి, ఎండలో పెడితే అట్ట వంగిపోతుంది. న్యూస్ పేపరు సిరా అంటిన చేతులను సబ్బుతో కడిగించాకే టిఫిను పెట్టండి.