సంక్రాంతికి తొందరపడకు

అమ్మడూ,

నువ్వు పంపిన గోడల ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను. పండక్కి చుట్టాలొస్తారు కాబట్టి ఈలోగా పగుళ్లన్నిటికీ పుట్టీ పెట్టించి రంగులు వేయించేస్తానన్నావు. హాలూ వంటిల్లూ వేయించుకో. పడకగదిలో కిటికీ ఉన్న గోడ జోలికి మాత్రం వెళ్లకు.

హాల్లోవి వెంట్రుకవాసి గీతలు. నున్నగా రావాలని మేస్త్రీ తడి గోడ మీద పొడి సిమెంటు చల్లి రుద్దినా, తర్వాత వారం రోజులు సరిగ్గా నీళ్లు కొట్టకపోయినా పైపొర ఇలాగే చిట్లుతుంది. అవి పెరగవు. గీకించి, దుమ్ము దులిపించి, పుట్టీ రెండు పలచని పూతలు వేయిస్తే చాలు. దానికి ముందు వేలి కణుపులతో గోడంతా తట్టి చూడు. డొల్లగా మోగిన చోట పుట్టీ పెట్టి లాభం లేదు, పెచ్చుతో సహా ఊడివస్తుంది. అక్కడ ఇటుక కనబడేదాకా కొట్టించి మళ్లీ ప్లాస్టరింగ్ చేయించాల్సిందే. పెయింటర్ పీవోపీ అంటాడు, నిమిషాల్లో గట్టిపడుతుంది కాబట్టి అతనికి సుఖం. బాత్రూమ్ వెనకవైపు గోడకు మాత్రం ఒప్పుకోకు. చెమ్మ తగిలితే అది నిలవదు.

వంటింట్లో బీమ్ కింద అడ్డంగా సాగిన గీత వేరే రకం. పైన కాంక్రీటు, కింద ఇటుక. ఎండకూ చలికీ రెండూ ఒకేలా సాగవు, ముడుచుకోవు. ఆ అతుకు మీద ఉత్త పుట్టీ పెడితే ఏడాది తిరక్కుండా అదే గీత మళ్లీ కనబడుతుంది. అడుగు వెడల్పున ప్లాస్టరింగ్ తీయించి, బీమ్ నున్నగా ఉంటే ఉలితో గాట్లు పెట్టించి, అతుకుకు ఇటూ అటూ సమానంగా వచ్చేలా చికెన్ మెష్ బిగించమను. గోడ తడిపి, ఒక పాలు సిమెంటుకు 4 పాళ్ల ఇసుక కలిపిన మాలు వేయించి, 7 రోజులు తడి ఆరనివ్వకు. పండక్కి ఇంకా టైముంది, ఈ పని ముందు మొదలుపెట్టించు.

ఇక పడకగది. కిటికీ మూల నుంచి పగులు ఏటవాలుగా పైకి పోయింది, పైకి పోయేకొద్దీ వెడల్పైంది. ఇది ప్లాస్టరింగ్ పగులు కాదు, గోడే కదులుతోంది. మీ నరసరావుపేట వైపు నల్లరేగడి సంగతి నీకు తెలియనిది కాదు. తడిస్తే పొంగుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పునాది లోతు చాలకపోతే ఆ పొంగూ కుంగూ గోడకెక్కుతాయి. ఇల్లంతా ఒకేలా లేచి దిగినా గోడ ఓర్చుకునేదేమో. ఒక మూల తడిగా, ఇంకో మూల పొడిగా ఉంటేనే చిక్కు. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవాళ్లు అడుగున ఉబ్బుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ రూపొందించారు. అవి ఎండా వానా తాకని లోతుకు దిగి నిలబడతాయి. మీ ఇల్లు కట్టినాయన అంత ఖర్చు పెట్టి ఉంటాడని నేననుకోను.

ఇప్పుడు నేలలో వానల తడి ఇంకా ఉంది, పగులు సన్నగా ఉంది. ఇప్పుడు పూడిస్తే మే నెలలో నోరు తెరుస్తుంది. పోనీ మేలో సిమెంటుతో బిగిస్తే, వానల్లో గోడ దగ్గరకొచ్చి ఆ మాలును నొక్కి ఉబ్బిస్తుంది. అందుకని ముందు దాని నడక చూడాలి. పగులుకు అటొకటి ఇటొకటి చిన్న మేకులు కొట్టి, మధ్య దూరం కొలిచి, మిల్లీమీటర్లూ తేదీ పక్కనే పెన్సిల్‌తో రాయి. కొస ఎక్కడ ఆగిందో అక్కడా ఒక గీత గియ్యి. నెలకోసారి కొలిస్తే చాలు. కొందరు మేస్త్రీలు గాజుముక్క అంటిస్తారు. గోడ కదిలితే అది పగిలే మాట నిజమే కానీ, ఎంత కదిలిందో, తిరిగి దగ్గరకొచ్చిందో అది చెప్పలేదు.

ఎండల్లో తెరుచుకుని వానల్లో మూసుకుంటే భయం లేదు. పగులును కాస్త వెడల్పు చేయించి, శుభ్రం చేసి, సాగే గుణమున్న అక్రిలిక్ సీలెంట్ గన్‌తో పెట్టించు. అలా కాక వానలు పడ్డాక కూడా దగ్గరకు రాకుండా పెరుగుతూనే ఉంటే, మేస్త్రీని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి. పోర్టికో పిల్లర్లు కూడా ఓసారి చూడు. నిలువు పగులూ దాని వెంట తుప్పు మరకా కనబడితే ఏడాది ఆగొద్దు, వెంటనే పిలువు. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బితేనే కాంక్రీటు అలా చీలుతుంది.

ఈలోగా చేయగల పని బయట ఉంది. ఫొటోలో డాబా నీళ్ల గొట్టం సరిగ్గా ఆ మూలనే వదిలేసి ఉంది. దాన్ని కాలవ దాకా పొడిగించమని అల్లుడికి చెప్పు. పునాది చుట్టూ మూడడుగుల వెడల్పున, బయటికి వాలుగా కాంక్రీటు పరిపిస్తే ఇంకా మంచిది. గోడవారగా అరటి పిలకలు నాటావట, వాటిని దూరంగా మార్చు. రోజూ నువ్వు పోసే నీళ్లూ పునాదిలోకే పోతున్నాయి.

పండక్కి వచ్చినవాళ్ల కళ్లలో పడకూడదనుకుంటే ఆ గోడకో తెర కట్టు. బీరువా మాత్రం అడ్డం పెట్టకు, కొలవడానికి చోటుండాలి. పెన్సిల్ రాతలు తుడవొద్దని పెయింటర్‌కు ముందే చెప్పి ఉంచు.

ఇట్లు,
మీ మావయ్య