ముప్ఫై బైట్లలో పట్టని పేరు

చిరంజీవి మేనల్లుడికి,

బీటెక్ పూర్తిచేసి అమీర్‌పేటలో హాస్టల్ గది తీసుకున్నావని, మైత్రీవనం వెనక సందులో ఫుల్‌స్టాక్ కోర్సులో చేరావని అక్క ఫోన్లో చెప్పింది. "ఇన్నేళ్లుగా నువ్వు చేస్తున్న పనే కదరా, వాడికి నాలుగు మంచి మాటలు చెప్పు" అంది. ఫోన్లో చెప్పిన మాట నిలవదు. అందుకే ఉత్తరం. తీరిగ్గా చదువుకో.

ముందు ఒక చీటీ సంగతి.

చాలా ఏళ్ల కిందట మీ మామయ్య ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాడు. జిల్లా కేంద్రంలోని ఒక ఆసుపత్రికి ఓపీ రిజిస్ట్రేషన్ ప్రోగ్రాము చేసిపెట్టాడు. ఇంగ్లీషులో బాగానే నడిచింది. చీటీ మీద పేరు తెలుగులో రావాలని ఆసుపత్రివాళ్లు అడిగితే వారంలో అదీ కలిపాడు. తెలుగు మొదలైన రోజే ఒకావిడ చీటీ పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెనక్కి వచ్చింది. "ఇది నా పేరు కాదు బాబూ" అంది. చీటీ మీద "విజయలక్ష్మ" అని ఉంది. చివరి గుడి ఎగిరిపోయింది.

తప్పు దొరికేసరికి సాయంత్రమైంది. డేటాబేసులో పేరుకి 30 బైట్ల గడి ఉంది. అంతకు మించితే కోసెయ్యమని ప్రోగ్రాములో ఒక లైను ఉంది. ఆ లైను రాసింది మీ మామయ్యే. ఇంగ్లీషులో ఆ పేరు 13 అక్షరాలు, 13 బైట్లు. గడిలో ఇంకా సగానికి పైగా ఖాళీ. తెలుగులో చూస్తే ఐదే అక్షరాలు. మరి కంప్యూటర్ లెక్క వేరు: వ, గుడి, జ, య, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మొత్తం పదకొండు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తింటుంది. పదకొండు మూళ్లు ముప్ఫై మూడు. గడి ముప్ఫై దగ్గర తెగింది, గుడి బయట పడింది.

గడిని పెద్దది చెయ్యడం రెండు నిమిషాల పని. కానీ ఆవిడ మొహం మామయ్యకు ఇవాళ్టికీ గుర్తుంది. తన పేరు తన భాషలో ఒక కాగితం మీద తప్పుగా చూసుకుంది. అలాంటి తప్పులు చేసేవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. తెలుగు మాట్లాడుతూ పెరిగి, తెలుగు కంప్యూటర్లో ఎలా ఉంటుందో ఒక్క పూట కూడా చూడనివాళ్లు. నీకు చెప్పదలచుకున్నదల్లా ఇదే అల్లుడూ: నీ కోర్సులో రియాక్ట్ నేర్పుతారు, నోడ్ నేర్పుతారు, మాంగోడీబీ నేర్పుతారు. నీ భాష, నీ జనం పేర్లు, వాళ్ల కాగితాలు వెబ్‌లో ఎలా నడుస్తాయో మాత్రం ఎవరూ నేర్పరు. అది నువ్వే నేర్చుకోవాలి.

ఇవాళ రాత్రే బ్రౌజర్ కన్సోల్ తెరిచి "స్త్రీ" అన్న మాటకు పొడవు ఎంతో అడిగి చూడు. కంటికి ఒక్క అక్షరం. జావాస్క్రిప్ట్ ఆరు అంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. "పేరు కనీసం మూడు అక్షరాలుండాలి", "ఇరవై అక్షరాలకు మించరాదు" అని ఫారాల్లో రాసే నిబంధనలన్నీ ఇక్కడ కొట్టుకుపోతాయి. ఆ తర్వాత "సాఫ్ట్‌వేర్" అని రాసి చూడు. ట మీద పొల్లు అలాగే నిలబడాలంటే ట్‌కీ వేకీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉండాలి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఒకరు అది పెట్టి రాస్తారు, ఇంకొకరు పెట్టకుండా రాస్తారు. రెండూ ఒకే మాటని నీ సెర్చి పెట్టెకు నువ్వు చెప్పకపోతే ఉన్న వస్తువే "దొరకలేదు" అంటుంది.

ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే 2018 ఫిబ్రవరి గుర్తుచెయ్యి. "జ్ఞా"లో దీర్ఘానికి ముందు ఆ కనిపించని గుర్తును ఇరికించి మెసేజ్ పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ మెసేజ్ నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ మొత్తం మొరాయించేది. ప్రపంచంలో పేరున్న ఇంజనీర్లు చేసిన ఫోన్ ఒక తెలుగు అక్షరాన్ని గీయలేకపోయింది. అదే నెల 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. తప్పున్న వెర్షన్ విడుదలకు ముందు తెలుగు రాసేవాడు ఒక్కడు దాన్ని పరీక్షించే బల్ల దగ్గర కూర్చుని ఉంటే ఆ తప్పు ముందే పట్టుబడేదేమో అనిపిస్తుంది మామయ్యకు. రేపు అలాంటి బల్ల దగ్గర నువ్వు కూర్చోవచ్చు.

భాష తర్వాత పేర్లు. మన ఇంటిపేరు ముందొస్తుంది, అసలు పేరు వెనకొస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది, పాన్ కార్డులో వరస మారుతుంది. పెళ్లయిన ఆడపిల్ల ఇంటిపేరు ఒక కాగితంలో పుట్టింటిది, ఇంకో కాగితంలో అత్తింటిది. ఇంతమందికి నువ్వు "ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్" అని రెండు గడులు ఇచ్చి రెండూ తప్పనిసరి అంటే వాళ్లు ఏం నింపాలి? ఒక్క గడి ఇవ్వు. "కార్డులో ఉన్నట్టే రాయండి" అని తెలుగులో ఒక మాట పెట్టు.

భూమి కాగితాలదీ ఇదే కథ. తెలంగాణ పహాణీల్లో సర్వే నంబరు ఒట్టి అంకె కాదు. అన్నదమ్ములు పంచుకున్నకొద్దీ 212/అ, 212/ఆ, 212/ఆ/1 అని చీలుతూ పోతుంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అ ఒక ఏ అవుతుంది, ఆ రెండు ఏలు అవుతుంది. ఒక్క ఏ తక్కువ నొక్కితే అన్న పొలం బదులు తమ్ముడి పొలం తెరమీదికొస్తుంది. పట్నంలో పుట్టి పెరిగిన కుర్రాడు ఆ గడికి "అంకెలు మాత్రమే" అని నిబంధన పెడితే రైతు అక్కడే ఆగిపోతాడు. పోర్టల్ ధరణి కానీ, భూభారతి కానీ, సర్వే నంబరు రాతలో తేడా రాదు. పొలం గట్టు తెలిసినవాడివి నువ్వు. తాతయ్య పాస్‌బుక్ నీ చేత్తో పట్టుకుని చూసినవాడివి. అది నీకు ఏ కోర్సూ ఇవ్వని చదువు.

మన దగ్గర ఆన్‌లైన్ సేవలకు పెద్ద చరిత్రే ఉంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. మరుసటేడు జంట నగరాల్లో ట్విన్స్ పేరుతో బిల్లులన్నీ ఒకేచోట కట్టే ఏర్పాటు మొదలైంది, 2001లో అదే ఈసేవ అయింది. కరెంటు బిల్లుకి ఒక వరస, నీటి బిల్లుకి ఇంకో వరసగా నిలబడిన తరానికి అది ఎంత ఊరటో నీకు అక్క చెప్పాలి. 2011 నవంబరులో మీసేవ వచ్చింది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మన మిత్ర పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. జనం ఎక్కడ ఉన్నారో సేవ అక్కడికి వెళ్లడం అంటే అదే.

కానీ ఇన్నేళ్లయినా ఊళ్లో నెట్ సెంటర్ల ముందు బెంచీలు ఖాళీగా ఉండటం లేదు. ఎందుకో మీ మామయ్య ఒకసారి కూర్చుని చూశాడు. ఒక పెద్దాయన పెన్షన్ పని మీద వచ్చాడు. సెంటర్ కుర్రాడు ఫారం మొత్తం నింపాడు: పేరు, ఊరు, బ్యాంకు ఖాతా, పద్నాలుగు గడులు. చివర ఓటీపీ అడిగింది. ఆధార్‌కు జోడించిన నంబరు కొడుకుది, కొడుకు హైదరాబాద్‌లో డ్యూటీలో ఉన్నాడు. ఫోన్ చేశారు, ఎత్తలేదు. మళ్లీ చేశారు, ఎత్తి "ఆగండి చూస్తా" అన్నాడు. అంకెలు చెప్పేసరికి పేజీ గడువు తీరింది. పద్నాలుగు గడులూ ఖాళీ. కుర్రాడు మాట్లాడకుండా మళ్లీ మొదటి గడి నుంచి మొదలుపెట్టాడు. పెద్దాయన తన వల్లే ఏదో తప్పు జరిగినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆయన తప్పు ఏమీ లేదు. గడువు పెట్టినవాడు, తన ఫోన్ తన జేబులోనే ఉండే మనిషిని ఊహించుకుని పెట్టాడు. భద్రత కోసం గడువు ఉండాలి, నిజమే. కానీ నింపినదాన్ని దాచిపెట్టి, మళ్లీ లాగిన్ అవ్వగానే చూపించడానికి ఏ అడ్డూ లేదు. ఒక రోజు పని. ఆ ఒక్క రోజు పని ఎవరూ చెయ్యకపోతే ఎన్ని ఊళ్లలో ఎంతమంది అలా నిలబడాలో ఆలోచించు. ఇంకోటి కూడా గమనించు: ఆ సైటు వాడుతున్నది పెద్దాయన కాదు, సెంటర్ కుర్రాడు. రోజుకి అదే ఫారం ఎన్నోసార్లు నింపుతాడు. వాడికి మౌస్ కన్నా ట్యాబ్ కీ ముఖ్యం. వాడినెవరూ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

అడిగినవాళ్లు ఏం సాధించారో చెప్తాను. 2005 దీపావళికి బెంగళూరు నుంచి బస్సు టికెట్ దొరక్క ఫణీంద్ర సామ అనే కుర్రాడు ఇంటికి రాలేకపోయాడు. అతను అప్పుడు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఉద్యోగి. వెబ్‌సైట్లు అతని వృత్తి కాదు. సీట్లు ఎవరి దగ్గర ఉంటాయి, ఎవరు ఎవరికి ఫోన్ చేసి అడుగుతారు అని ట్రావెల్ ఏజెంట్ల చుట్టూ, బస్సుల యజమానుల చుట్టూ తిరిగాడు. బిట్స్ పిలానీ స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో రెడ్‌బస్ పెట్టాడు. 2013లో ఐబిబో దాన్ని కొన్నది. తర్వాత తెలంగాణ ప్రభుత్వం అతన్ని చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గా పెట్టుకుంది. కోడ్ రాయకముందు ఏజెంట్ బల్ల దగ్గర గడిపిన రోజులే ఆ కంపెనీకి అసలు పెట్టుబడి అని మామయ్య అభిప్రాయం.

ఇప్పుడు అమీర్‌పేట మాట. ఆ చోటును తక్కువ చేసి మాట్లాడేవాళ్ల మాట వినకు. ఊళ్లలోని డిగ్రీ కాలేజీల నుంచి వచ్చిన ఎన్ని వేలమందికి అది అన్నం పెట్టిందో ఈ తరం చూసింది. డెమో క్లాసులకు వెళ్లు, నలుగురి పాఠం విని ఒకరి దగ్గర చేరు, జిరాక్స్ నోట్సు తెచ్చుకో. కానీ "రియల్ టైమ్ ప్రాజెక్ట్" అని అందరికీ ఒకటే ఇస్తారు చూడు, దాన్ని రెజ్యూమేలో పెట్టకు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు అదే ప్రాజెక్టును ఆ వారంలో పదిసార్లు చూసి ఉంటారు. నీ ఊరి ఆర్ఎంపీ డాక్టరుకో, కిరాణా కొట్టుకో, పాల కేంద్రానికో తెలుగులో పనిచేసే చిన్న పేజీ చేసి చూపించు.

ఇంకో మాట ఉంది, దాని మీద మామయ్య గట్టిగానే చెప్తాడు. హాస్టల్లో ఎవడో ఒకడు "మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఫేక్ పెట్టేద్దాం, కన్సల్టెన్సీ వాళ్లే లెటర్లు ఇస్తారు" అంటాడు. ప్రాక్సీ ఇంటర్వ్యూ అంటాడు. బ్యాక్‌డోర్ అంటాడు. వద్దు. డబ్బు పోతుంది, అది చిన్న నష్టం. నీ పీఎఫ్ యూఏఎన్ నంబరులో ఏ కంపెనీలో ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉన్నావో లెక్క ఉంటుంది. వెరిఫికేషన్‌లో అడిగేది అదే. ఉద్యోగం వచ్చినా మూడేళ్ల పనివాడిలా నటిస్తూ, సందేహం వస్తే పక్కవాణ్ణి అడగలేక రాత్రిళ్లు కూర్చోవాలి. అడగలేనివాడు నేర్చుకోలేడు. ఆర్నెల్లు ఆలస్యమైనా ఫ్రెషర్‌గానే వెళ్లు. అంతవరకు హాస్టల్ ఖర్చు మామయ్య చూసుకుంటాడు, అక్కకి కూడా చెప్పాడు.

నీకు ఆదర్శం కావాలంటే జీతం పెద్దదైనవాళ్ల వైపు మాత్రమే చూడకు. ఫోన్లో తెలుగు ఇంత సులువుగా రాయగలగడం వెనక జీతం లేకుండా పనిచేసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో చదువుకుంటూ కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి తెచ్చారు. దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. ఒక్కో పత్రిక ఒక్కో ఫాంటులో ఉండి ఒకదాని ఫాంటుతో ఇంకోటి చదవలేని రోజుల్లో వెన్న నాగార్జున పద్మ అనే ఉపకరణంతో వాటిని యూనికోడ్‌లోకి మార్చే దారి చూపారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుపెట్టిందీ ఆయనే. వీవెన్ లేఖిని చేసి పెట్టారు. ఆదివారం ఒక పూట ఇలాంటి పనికి ఇవ్వు. ఒక అనువాదం సరిదిద్దు, ఫాంటులో ఒత్తు తెగితే ఫిర్యాదు రాయి.

పని చోట "తెలుగు ఎందుకు, ఇంగ్లీషు చాలు" అనేవాళ్లు ఉంటారు. తెలుగు మెసేజ్‌కి ఖర్చు ఎక్కువంటారు. అది అబద్ధం కాదు: ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 గుర్తులే. అయితే మాటలు పొదుపుగా రాయడం నేర్చుకో, తెలుగును తీసెయ్యకు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా మన వైపే ఉంది. వివరాలు తీసుకోవడానికి అనుమతి అడిగేటప్పుడు ఇంగ్లీషులో కానీ, ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో కానీ చదువుకునే వీలు ఇవ్వాలని అందులో ఉంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. మీటింగులో ఆ సంగతి మర్యాదగా చెప్పు.

దసరాకి ఊరొస్తావు కదా. బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో ఒక పూట కూర్చో. ఎవరు ఏ పనికి వచ్చారు, ఏ గడి దగ్గర ఆగారు, ఎందుకు వెనక్కి వెళ్లారు, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకో. సెంటర్ కుర్రాడికి టీ చెప్పి, "నీకు ఏం మారిస్తే బాగుంటుంది?" అని అడుగు. ఆ కాగితాలు తీసుకుని మామయ్య ఇంటికి రా. అందులో ఒకటి ఎంచుకుని ఇద్దరం కలిసి చేద్దాం. అత్తయ్య నీకోసం గది సర్ది ఉంచింది.

ఆశీస్సులతో,
మామయ్య