‘ఏం లేదులే’ అనకండి

పిల్లకో పిల్లాడికో వినపడదని తేలగానే ఇంట్లోవాళ్లు ఆస్పత్రుల చుట్టూ తిరుగుతారు. తిరగాల్సిందే, ఎంత త్వరగా అయితే అంత మంచిది. ఆ తర్వాత చేతికి రంగుపెన్సిళ్లో బంకమట్టో ఇచ్చి, దేవుడు చెవులు తీసుకుంటే చేతుల్లో ఏదో ఒకటి పెట్టే ఉంటాడని ఎదురుచూస్తారు. నా బెంగంతా ఈ ఎదురుచూపు గురించే.

ఆ ఎదురుచూపుకు ఊతమిచ్చే కథే డగ్లస్ టిల్డెన్ అనే పేరున్న శిల్పిది. 1860లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టాడు. పసితనంలో స్కార్లెట్ ఫీవర్ వచ్చి వినికిడి పోయింది. శాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్ వీధిలో ఆయన పోతపోసిన కంచు కార్మికులు ఇప్పటికీ ఉన్నారు. పెద్ద యంత్రం మీటకు వేలాడుతూ, ఒంటి బరువంతా దానిమీదే వేసి లోహపు పలకకు చిల్లు పొడుస్తుంటారు. 1906 భూకంపంలో చుట్టూ భవనాలు కూలినా ఆ బొమ్మలు చెక్కుచెదరలేదు.

అయితే అమ్మానాన్నలు చూడాల్సింది అంతకు ముందు సంగతి. టిల్డెన్ శిల్పం జోలికి వెళ్లింది ఇరవయ్యేళ్లు దాటాకే. అప్పటికే బధిరుల బడిలో చదువు ముగించి, అక్కడే పంతులుగా పనిచేస్తున్నాడు. 1888లో పారిస్ వెళితే, అక్కడ దొరికిన గురువు పాల్ షొప్పాన్‌కూ వినపడదు. కళ వచ్చేసరికి భాష ఉంది, చదువుంది, జీతముంది. పక్కన తనలాంటి పెద్దవాడూ ఉన్నాడు.

కాబట్టి ముందు మీరు సైగలు నేర్చుకోండి. చెవికి మిషన్ పెట్టించినా, ఇంప్లాంట్ చేయించినా సరే. సైగలు వస్తే ఇక మాటలు రావేమోనన్న భయం పెట్టుకోకండి. భారతీయ సంజ్ఞా భాషకు 10,000 పదాల నిఘంటువు వీడియోల రూపంలో ఉంది. రోజుకు నాలుగు పదాలు చాలు. అన్నాల దగ్గర అందరూ పగలబడి నవ్వుతుంటే బిడ్డ మీ మోచెయ్యి లాగి ‘ఏంటి?’ అన్నట్టు చూస్తుంది. ‘ఏం లేదులే, తర్వాత చెప్తా’ అంటాం. ఆ ‘తర్వాత’ అనేది రాదు. ముద్ద పక్కన పెట్టి ఆ జోకు అప్పుడే చెప్పండి. ఎంత చెత్త జోకైనా సరే.

వీలుంటే వినపడని పెద్దవాళ్లను ఇంటికి పిలవండి. ఉద్యోగం చేస్తూ, కాపురం చేసుకుంటూ ఉన్నవాళ్లను బిడ్డ కళ్లారా చూడాలి.

బొమ్మలు వేస్తే మెచ్చుకోండి, వెయ్యకపోయినా పర్లేదు. అంత పేరు తెచ్చుకున్న టిల్డెన్‌కే తర్వాత పనులు తగ్గి, కొన్నాళ్లు యంత్రాల దగ్గర కూలికి పనిచెయ్యాల్సి వచ్చింది. 1935లో బర్క్‌లీలో పేదరికంలోనే పోయాడు. కళ ఒక్కటే కూడు పెడుతుందని అనుకోలేం. అందుకని సొంతంగా బతకడం నేర్పండి, కిరాణా కొట్టుకు బిడ్డనే పంపండి. చీటీ తనే రాసుకుని, చిల్లర తనే లెక్కపెట్టుకుని రమ్మనండి.