చిప్పులో దాగిన సంతకం

డి.ఎస్.సి. అనగానే మనకు టీచరు పోస్టుల పరీక్ష గుర్తొస్తుంది. ఆఫీసుల్లో చేరాక మేము విన్న డి.ఎస్.సి. వేరు. అది డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్. ఉద్యోగాలకు వెళ్లబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఉపయోగపడుతుందని దాని గురించి రాస్తున్నాం.

ఈ-మెయిల్ కింద పేరు టైపు చేసినంత మాత్రాన అది సంతకం కాదు. సంతకాన్ని స్కాన్ చేసి అతికించినా, ఆ బొమ్మను ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. పంపినవారి అడ్రసును కూడా మార్చి పంపవచ్చు. పోస్టు కవరు మీద ఎవరి పేరైనా రాయవచ్చు కదా, ఇదీ అంతే.

డిజిటల్ సంతకానికి రెండు తాళంచెవులుంటాయి. నిజానికి అవి జతగా పుట్టిన పెద్ద సంఖ్యలు. 1977లో రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ అనే ముగ్గురు తయారుచేసిన ఆర్.ఎస్.ఎ. పద్ధతి ఇందులో ప్రసిద్ధమైనది. ఒక తాళంచెవి రహస్యం, రెండోది అందరికీ ఇచ్చేది. ఈ రెండోది ఫలానా వ్యక్తిదేనని లైసెన్సు ఉన్న సంస్థ ధ్రువీకరిస్తే అదే సర్టిఫికెట్. మన కులధ్రువీకరణ పత్రం మీద తహసీల్దారు గారి సంతకం ఉన్నట్టే.

రహస్య తాళంచెవి స్మార్ట్ కార్డు చిప్పులో ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లా కనిపించే టోకెన్‌లోనూ అలాంటి చిప్పే ఉంటుంది, కానీ పెన్‌డ్రైవ్‌లోంచి ఫైలు తీసినట్టు ఈ తాళంచెవిని బయటికి తీయలేం. "50 బస్తాల బియ్యం పంపండి" అని మెయిల్ రాశామనుకోండి. కంప్యూటరు ఆ ఉత్తరం నుంచి ఒక చిన్న సారాంశ సంఖ్యను లెక్కగడుతుంది. ఉత్తరం ఎంత పొడవున్నా ఎస్.హెచ్.ఎ.-256 పద్ధతిలో అది 256 బిట్లే. ఆ సంఖ్య కార్డులోకి వెళ్తుంది. మనం పిన్ కొడితే చిప్పు లోపలే సంతకం తయారై బయటికొస్తుంది. దారిలో ఎవరైనా 50ని 500 చేస్తే, అందుకున్నవారి కంప్యూటరు లెక్క కుదరక వెంటనే హెచ్చరిస్తుంది. అయితే సంతకం ఉత్తరాన్ని దాచదు. దాచాలంటే అందుకునేవారి సర్టిఫికెట్‌తో వేరే తాళం వేయాలి.

ఇంత గట్టి ఏర్పాటునూ మనుషులే నీరుగారుస్తారు. టోకెన్‌కు చుట్టిన కాగితం మీద పిన్ రాసి, రబ్బరు బ్యాండు వేసి ఆపరేటరు సొరుగులో పెట్టడం మేము చూశాం. కొత్తగా చేరిన కుర్రాళ్ల పేరు మీద సర్టిఫికెట్ తీయించి, కార్డు మాత్రం తమ దగ్గరే ఉంచుకునే యజమానులూ ఉన్నారు. "సంతకానికి నువ్వు రానక్కర్లేదు" అంటే వినడానికి సుఖంగానే ఉంటుంది. కానీ పిన్ కొట్టిన వేలు ఎవరిదో చిప్పుకు తెలియదు. ఆ సంతకం మీదేనని చెబుతుంది.

చట్టమూ అదే అంటుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షన్ ప్రకారం రహస్య తాళంచెవిని తగిన జాగ్రత్తతో మన అదుపులో ఉంచుకోవాలి. అది పరులపాలైతే ఆలస్యం లేకుండా సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు చెప్పాలి. చెప్పేదాకా బాధ్యత మనదే. చెప్పి రద్దు చేయిస్తే ఆ సర్టిఫికెట్ రద్దయినవాటి జాబితాలో చేరుతుంది. ఆ తర్వాత కార్డు దొరికినా దానితో పని జరగదు, కొత్త సర్టిఫికెట్ తీసుకోవాల్సిందే.